కడలి వెలుగునకు కొలబద్ద

దాచేపల్లి నుండి సముద్రతీరము నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. ఇచటి బాలబాలికలలో సముద్రమును కన్నులార చూడనివారు పెక్కుమంది యుందురు. అయినను వారు ప్రతిదినము నడచుచున్న నేల ఒకప్పటి సముద్రగర్భమే. పల్నాటి సున్నపుబట్టీలకు చేరుచున్న సున్నపురాయియు, ఇండ్ల ముంగిళ్ళలో పరచుచున్న నాపరాయియు, కోట్లకొలది సంవత్సరములకు పూర్వము ఇచట నిలిచియుండిన సముద్రము అడుగున పేరుకొనిన మడ్డి గట్టిపడుటచే ఏర్పడినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సముద్రము పోయినది, రాయి మిగిలినది. కావున సముద్రమును గూర్చి తెలిసికొనుట మనకు పరాయి విషయము కాదు.

విద్యార్థులారా! సూర్యుని వెలుగు సముద్రములో ఎంతలోతు వరకు పోవును? ఈ ప్రశ్న వినుటకు మిక్కిలి సులభము. దీనికి నమ్మదగిన సమాధానము సంపాదించుటకు మాత్రము శాస్త్రజ్ఞులు ఒక శతాబ్దమునకు పైగా శ్రమింపవలసి వచ్చినది. ఆ శ్రమ యెట్టిదో, దానివలన మనకు కలిగిన ప్రయోజన మేమో ఈ పాఠమున తెలిసికొందము.

పైరునకు ఎండ వలెనని రైతుబిడ్డలందరును ఎరుగుదురు. నీడపట్టున నాటిన మిరపమొక్క పాలిపోవును. ప్రత్తిమొక్క కాయ కట్టదు. సముద్రములో పైరు లేదనుకొనరాదు. కంటికి ఆనని సూక్ష్మమైన మొక్కలు నీటి పైపొరలలో తేలుచుండును. వీనికి వృక్షప్లవకములని పేరు. ఇవి సూర్యకాంతిని గ్రహించి తమ ఆహారమును తామే తయారుచేసికొనును. భూమండలమంతటను జరుగు కిరణజన్యసంయోగక్రియలో సుమారు సగము ఈ సూక్ష్మ మొక్కల వలననే జరుగుచున్నది. కవళ్ళు, కానాగంతలు వంటి చేపలు ప్లవకములను తిని పెరుగును. వంజరము వంటి పెద్దచేపలు ఆ చిన్నచేపలను తిని బ్రతుకును. ఆ పెద్దచేపలను పట్టి మన తీరమందలి మత్స్యకారులు జీవింతురు. ఈ గొలుసునకు మొదటి కడియము వెలుగు. వెలుగు ఎంతలోతు దిగునో అంతవరకే సముద్రపు పైరు. ఉపరితలమున పడిన వెలుగులో నూటికి ఒక వంతు మాత్రమే మిగులు లోతును ఆ పైరునకు సుమారైన ఎల్లగా శాస్త్రజ్ఞులు ఎంచుదురు.

వెలుగు దిగు లోతును కొలుచుటకు తొలిసారి ఒక పద్ధతిని స్థిరపరచినవాడు ఇటలీ దేశస్థుడగు ఆంజెలో సెక్కి. ఈతడు రోము నగరమందలి ఖగోళశాస్త్రజ్ఞుడు, క్రైస్తవ మతాచార్యుడు. 1865వ సంవత్సరమున పోపుగారి నౌకపై ప్రయాణము చేయుచు, తెల్లని గుండ్రని పలకలను త్రాటికి కట్టి మధ్యధరా సముద్రములోనికి దింపి చూచెను. పలక కంటికి కనబడకుండ పోయిన లోతును గుర్తించి, మరల పైకి లాగునపుడు తిరిగి కనబడిన లోతును గుర్తించి, ఆ రెంటి సగటును తీసికొనుటయే ఈ పద్ధతి. నేటికిని ఇట్టి పలకను సెక్కి పలక యందురు. బురదనీటిలో ఇది ఒక మీటరు దిగకమునుపే మాయమగును. దక్షిణధ్రువ ఖండమును అంటియున్న వెడ్డెల్ సముద్రములో మాత్రము 1986వ సంవత్సరమున ఇట్టి పలక సుమారు 80 మీటర్ల లోతువరకు కనబడెను.

తెల్లని పలక, కొంత త్రాడు, రెండు కన్నులు: ఇంతకన్న చౌకయైన పరికరము వేరొకటి లేదు. అయినను దీనికి లోపములు కలవు. చూచువాని కంటిచూపునుబట్టి కొలత మారును. సూర్యుడు నడినెత్తిన నున్నపుడు ఒక లెక్క, ప్రొద్దు వాలినపుడు మరియొక లెక్క వచ్చును. అలలు లేచినచో పలక మసకబారును. ఇంతేకాక, ఏ రంగు వెలుగు ఎంత దిగినదో ఈ పలక చెప్పజాలదు.

రంగుల ప్రశ్న సామాన్యమైనది కాదు. సముద్రము నీలముగా నుండుట ఆకాశపు నీలిరంగు నీటిపై ప్రతిబింబించుటచేతనే యని ఇంగ్లండు దేశపు గొప్ప శాస్త్రజ్ఞుడైన రాలే ప్రభువు తలచెను. దీనిని పరీక్షించి చూచినవాడు మన సర్ చంద్రశేఖర వెంకట రామన్. ఈయన తిరుచిరాపల్లిలో 1888వ సంవత్సరమున జన్మించినను, తండ్రి విశాఖపట్టణమున ఉపాధ్యాయుడగుటచే బాల్యవిద్యనంతయు ఆ సముద్రతీర నగరముననే అభ్యసించెను. 1921వ సంవత్సరమున ఇంగ్లండునుండి ఓడలో తిరిగి వచ్చుచు ఈయన నికల్ పట్టకమను చిన్న స్ఫటికము గుండ సముద్రమును చూచెను. ఒకానొక కోణమున నీటి ఉపరితలమునుండి వచ్చు మెరుపును ఈ పట్టకము అణచివేయును. ఆకాశపు ప్రతిబింబము ఆ విధముగా తొలగిపోయిన తరువాతను సముద్రము నీలముగానే కనబడెను. అనగా ఆ నీలిరంగు నీటిలోపలినుండియే వచ్చుచున్నది. నీటియణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును. నీరు ఎరుపుకాంతిని ఎక్కువగా మ్రింగివేయును. ఈ రెండు కారణముల చేతనే లోతైన సముద్రము నీలముగా నుండునని నేడు మనకు తెలియును. స్వచ్ఛమైన సముద్రములో సైతము ఎరుపు చాలవరకు పైనున్న పదిమీటర్లలోనే హరించిపోవును. నీలము నూరు మీటర్లను దాటి పోగలదు.

కావున వెలుగును రంగురంగుగా విడదీసి కొలువవలెను. దానికి మానవుని కన్ను చాలదు. విద్యుత్తుతో పనిచేయు కన్ను కావలెను. వెలుగు పడగానే విద్యుత్తును పుట్టించు ఘటములు వాడుకలోనికి వచ్చిన పిదప, 1920 దశాబ్దమున పూల్, ఆట్కిన్సు అను ఇరువురు ఇంగ్లండులోని ప్లిమత్ దాపున సముద్రములోనికి వానిని దింపి కొలతలు తీసిరి. నేటి పరికరములలో ఆ పనిని ఒక సిలికాన్ తునక చేయుచున్నది. దానిముందు రంగుగాజు వంటి జల్లెడ నుంచినచో ఒక్క రంగు కాంతి మాత్రమే లోనికి పోవును. మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరందురు. 443 నానోమీటర్ల నీలమునకు ఒక కన్ను, 490 నానోమీటర్ల నీలి-ఆకుపచ్చ కాంతికి ఒక కన్ను, 555 నానోమీటర్ల ఆకుపచ్చకు ఒక కన్ను, ఇట్లు పలు కన్నులను ఒకే లోహపు గొట్టములో అమర్చుదురు.

ఇట్టి పరికరమును నిర్మించువాడు మూడు చిక్కులను ఎదుర్కొనవలెను. మొదటిది నీటి ఒత్తిడి. ప్రతి పదిమీటర్ల లోతునకు సుమారు ఒక వాయుమండలపు ఒత్తిడి పెరుగును. నూరు మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు పైన సుమారు పది కిలోగ్రాముల బరువు మోపినట్లుండును. గొట్టపు మూత అతుకులలో రబ్బరు వలయములు సరిగా కూర్చుండనిచో ఉప్పునీరు ఒక్క చుక్క చొచ్చి లోపలి యంత్రమును నాశనము చేయును. రెండవది వెలుగు భేదము. పైన కన్నులు మిరుమిట్లు గొలుపు ఎండ. క్రింద దానిలో పదివేలవ వంతు కూడ లేని చీకటి. అంత పెద్దదానిని, అంత చిన్నదానిని ఒకే పరికరము తప్పులేకుండ కొలువవలెను.

మూడవది వెలుగు వచ్చు దిక్కు. ఉదయపుటెండ వాలుగా పడును. మధ్యాహ్నపుటెండ నిటారుగా పడును. వాలుగా పడిన వెలుగు అదే నేలపై పలుచగా పరచుకొనును. పరికరపు కన్ను కూడ ఈ న్యాయమునే పాటింపవలెను. చదునైన గాజుపలక మాత్రము వాలుగా వచ్చు వెలుగును ఎక్కువగా తిప్పికొట్టి అన్యాయము చేయును. అందుచే గాజునకు బదులు పాలవలె తెల్లనైన ఒక బిళ్ళను కొంచెము పైకి ఉబ్బియుండునట్లు అమర్చుదురు. అది అన్ని దిక్కుల వెలుగును సరియైన పాళ్ళలో స్వీకరించి లోనికి పంపును.

పరికరము సిద్ధమైనది. దానిని నీటిలోనికి దింపిన కొలది వెలుగు ఒక నియమము ననుసరించి తగ్గుచుండును. ప్రతి మీటరు నీరు, తనవద్దకు చేరిన వెలుగులో ఒకే పాలును తీసికొనును. ఒక సముద్రమున ప్రతి మీటరునకు పదవ వంతు పోవుననుకొందము. 100 పాళ్ళ వెలుగు ఒక మీటరు దిగగానే 90 అగును. రెండవ మీటరున 81. మూడవ మీటరున సుమారు 73. పదవ మీటరున 35 పాళ్ళు, ఇరువదవ మీటరున 12 పాళ్ళు మిగులును. సుమారు 44 మీటర్ల వద్ద నూటికి ఒక వంతు మిగులును. వానకాలమున కృష్ణ, గోదావరి నదులు తెచ్చు ఒండ్రుతో మసకబారిన తీరజలమున ప్రతి మీటరునకు సగము పోవుననుకొందము. అపుడు 100, 50, 25 ఇట్లు తగ్గి ఏడవ మీటరునకే ఒకటికి లోబడును. ఒకచోట పైరు 44 మీటర్ల మందము. వేరొకచోట ఏడు మీటర్లయిన లేదు. ఒక సముద్రమునకు మరియొక సముద్రమునకు గల భేదము ఈ లెక్కలో కనబడును.

ఇక పాఠములోని ముఖ్యవిషయమునకు వత్తము. పరికరము ఒక అంకెను చూపినది. ఆ అంకె నిజమని ఎట్లు నమ్ముట?

మన సంతలలో ప్రత్తిని, మిరపకాయలను తూచుట మీరు చూచియుందురు. రైతు సంవత్సరమంతయు చేసిన కష్టము ఆ కాటాపైననే తేలును. అందుకే తూనికరాళ్ళను, కాటాలను తూనికలు కొలతల శాఖవారు నిర్ణీతకాలమున పరీక్షించి ముద్ర వేయుదురు. ముద్రలేని రాయి ఎంత నున్నగా, ఎంత అందముగా నున్నను దానిని నమ్మరాదు. ఒక కిలో రాయి 950 గ్రాములే తూగుచున్నదనుకొనుడు. తూచువాడు ఎంత నిజాయతీపరుడైనను, వేయిసార్లు తూచినను, తప్పు వేయిసార్లును వచ్చును. శాస్త్రపరికరమునకును ఇదే ధర్మము. తెలిసిన ప్రమాణముతో పోల్చి దాని అంకెలను సరిచేయుటను క్రమాంకనమందురు.

వెలుగునకు తూనికరాయి ఏది? ప్రమాణదీపము. వేయి వాట్ల శక్తిగల ఒక ప్రత్యేక దీపమును చీకటిగదిలో వెలిగింతురు. గోడలకు, బల్లలకు నల్లరంగు పూసియుందురు. లేనిచో చెదిరిన వెలుగు వచ్చి కలియును. దీపమునకు పంపు విద్యుత్తు వెంట్రుకవాసియైన మారకుండ కాపాడుదురు. కొంతసేపు వెలిగి నిలకడ చెందిన పిమ్మట పరికరమును దానినుండి సరిగా 50 సెంటీమీటర్ల దూరమున నుంతురు. ఆ దూరమున ఆ దీపము ఏ రంగులో ఎంత వెలుగు నిచ్చునో ముందే నిర్ణయింపబడియుండును. పరికరము చూపిన అంకెను ఆ విలువతో పోల్చి సరిచేయుదురు.

ఇందు ఎంత జాగ్రత్త వలెనో చూడుడు. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగునని మీరు భౌతికశాస్త్రమున చదువుదురు. 50 సెంటీమీటర్లకు బదులు పొరపాటున 51 సెంటీమీటర్ల వద్ద పరికరము నుంచినచో వెలుగు నూటికి నాలుగు పాళ్ళు తగ్గును. ఒక్క మిల్లీమీటరు తేడా కూడ వెయ్యికి నాలుగు పాళ్ళ తప్పును తెచ్చును. దీపము కూడ వెలిగిన కొలది ముసలిదగును. అందుచే అది వెలిగిన గంటలను ఒక పుస్తకములో వ్రాయుదురు. మేలైన ప్రమాణదీపమును దాచియుంచి అరుదుగా వాడుదురు. నిత్యము వాడు దీపములను దానితో సరిచూతురు. ఆ మేలైన దీపమును దేశపు అత్యున్నత ప్రమాణములతో సరిచూతురు. మన దేశమున కొలతల ప్రమాణములను కాపాడు సంస్థ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ఊరికాటా రాయినుండి దేశపు ప్రమాణమువరకు గొలుసు తెగకుండ నుండవలెనన్నమాట.

ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు కలదు. దీపముతో పోల్చుట గాలిలో జరిగినది. పరికరము పనిచేయవలసినది నీటిలో. తెల్లబిళ్ళలోనికి ప్రవేశించిన వెలుగులో కొంత తిరిగి వెలుపలికి పోజూచును. బయట గాలి యున్నపుడు బిళ్ళ అంచు దానిలో చాలభాగమును లోనికే త్రిప్పివేయును. బయట నీరున్నచో బిళ్ళకు నీటికి భేదము తక్కువగుటచే ఎక్కువ వెలుగు నీటిలోనికి జారిపోవును. కావున వెలుగు అంతయే యున్నను నీటిలో పరికరము తక్కువ చూపును. పెక్కు పరికరములకు నీటిలోని అంకెను సుమారు 1.3 లేక 1.4 చేత హెచ్చవేసిన గాని నిజము రాదు. ఈ సంగతి నెరుగనివాడు సముద్రమున నున్న వెలుగులో నాలుగవ వంతును లెక్కనుండి పోగొట్టుకొనును.

ఈ గుణకమును కనుగొనుటకు నల్లరంగు పూసిన తొట్టిలో పరికరమును నిలిపి పైన దీపమును వెలిగింతురు. మొదట పొడిగా నున్నపుడు అంకెను వ్రాసికొందురు. పిదప కొంచెము కొంచెముగా నీరు పోయుచు, ఒక్కొక్క మట్టమునకు ఒక్కొక్క అంకెను వ్రాయుదురు. ఆ అంకెలను గీతగా గీచి, నీటి మందము సున్నయైనచో ఎంత యుండునో లెక్కింతురు. ప్రతి రంగునకును, ప్రతి పరికరమునకును ఈ పని వేరువేరుగా చేయవలసినదే. ఒకే కర్మాగారమున ఒకే దినమున తయారైన రెండు పరికరములు కూడ కవలపిల్లలవలె కొంత భేదించియుండును.

ప్రయోగశాలలో పని ముగిసినను శ్రమ ముగియలేదు. నౌకపై మరికొన్ని శత్రువులు వేచియుండును. మొదటిది నౌక నీడ. అంత పెద్ద ఓడ ప్రక్కన దింపిన పరికరము ఓడ నీడనే కొలుచును. అందుచే తోకరెక్కలుగల బాణము వంటి పరికరమును సన్నని తీగకు కట్టి ఓడకు దూరముగా పోనిచ్చి నీటిలో జారవిడుతురు. రెండవది మేఘము. పరికరము దిగుచుండగా మబ్బు కమ్మినచో వెలుగు తగ్గినది నీటివలననా, మబ్బువలననా? దీనికై ఓడపై నొక కన్నును, నీటిలో నొక కన్నును ఉంచి రెంటిని ఒకేసారి చదువుదురు. మూడవది వంపు. పరికరము వాలినచో దాని కన్ను సూర్యునివైపునకో, ఆవలివైపునకో మొగ్గును. అందుచే వంపును కొలుచు సాధనము కూడ లోపల నుండును. మితిమీరి వాలినపుడు వచ్చిన అంకెలను త్రోసివేయుదురు. నాలుగవది చీకటి అంకె. మూతవేసినను పరికరము కొంత విలువను చూపవచ్చును. దానిని ముందే గుర్తించి ప్రతి అంకెనుండియు తీసివేయవలెను.

నెలలకొలది సముద్రముననే తేలుచుండు బోయాలకు మరియొక బాధ కలదు. కొలది దినములలోనే కంటిబిళ్ళపై పాచి పట్టును; పిదప గుల్లపురుగులు అంటుకొనును. కన్ను మసకబారును, సముద్రము మసకబారినట్లు అంకె చెప్పును. రాగి రెప్పలు మూసితెరచునట్లు అమర్చుట ఒక ఉపాయము. రాగిపై పాచి సులభముగా పెరగదు. అంతకన్న మేలైన పద్ధతి, పరికరమును నీటిలో దింపకముందు ఒకసారియు, బయటికి తీసిన తరువాత ఒకసారియు ప్రమాణదీపము ఎదుట నిలిపి చూచుట. రెండు అంకెలును సరిపోయినచో నడుమ తీసిన కొలతలను నమ్మవచ్చును.

ఇంత పాటు ఎందులకని మీరడుగవచ్చును. వినుడు. 1999వ సంవత్సరము మే 26వ తేదీన శ్రీహరికోటనుండి ఓషన్‌శాట్ అను ఉపగ్రహమును మనవారు ప్రయోగించిరి. సముద్రపు రంగును ఎనిమిది పట్టీలుగా విడదీసి చూచు కెమెరా దానిలో నుండెను. 2009వ సంవత్సరము సెప్టెంబరు 23న రెండవదియు, 2022వ సంవత్సరము నవంబరు 26న పదుమూడు పట్టీలను చూడగల మూడవదియు శ్రీహరికోటనుండియే పైకెగసినవి. నీటిరంగు కొంత ఆకుపచ్చగా నున్నచోట వృక్షప్లవకములు ఎక్కువ. నీలముగా నున్నచోట తక్కువ. ఉపగ్రహములు చూపు ఈ రంగును, నీటి వేడిమిని కలిపి పరిశీలించి, చేపలు చేరదగిన తావులను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము మత్స్యకారులకు తెలుగు మొదలగు భాషలలో తెలుపుచున్నది. విశాఖపట్టణము, కాకినాడ, నిజాంపట్టణము రేవులనుండి వేటకు పోవు మరపడవ సరంగు ఊరక వెదకుచు డీజిలు కాల్చుకొనక సూటిగా పోవుటకు ఇది తోడ్పడును.

ఉపగ్రహము వందలకొలది కిలోమీటర్ల ఎత్తునుండి చూచును. దాని కంటికి చేరు వెలుగును 100 పాళ్ళనుకొనినచో, అందు సుమారు 90 పాళ్ళు నడుమనున్న గాలి చెదరగొట్టినవే. సముద్రమునుండి వచ్చినవి సుమారు 10 పాళ్ళు మాత్రమే. ఇపుడు చిన్నలెక్క చేయుడు. ఉపగ్రహపు కన్ను కొంచెము తప్పి, 100కు బదులు 101 అని చదివినదనుకొనుడు. గాలివాటా 90 తీసివేయగా సముద్రపు వాటా 10కి బదులు 11 వచ్చును. నూటికి ఒకటిగా నున్న తప్పు పదింటికి ఒకటిగా పెరిగినది! ఆకాశమున నున్న కంటిని క్రిందికి దించి ప్రమాణదీపము ఎదుట నిలుపుట సాధ్యము కాదు. సముద్రములోనే తేలుచు, నీటినుండి వెలువడు వెలుగును నేరుగా కొలుచు పరికరముతో దానిని సరిచూడవలెను. హవాయి దీవులలో లనై దీవి చెంత 1997వ సంవత్సరమునుండి ఇట్టి బోయా యొకటి పనిచేయుచున్నది. మనవారు లక్షద్వీపములలో కవరత్తి దాపున నిర్మలమైన జలమును ఎన్నుకొని ఇట్టి పరీక్షాస్థలమును ఏర్పరచిరి. ఉపగ్రహము బోయాను నమ్మును. బోయా ప్రమాణదీపమును నమ్మును. దీపము దేశప్రమాణమును నమ్మును.

చేపల జాడ తెలియుటకు ప్రక్కప్రక్కనున్న నీళ్ళలో ఏది పచ్చన, ఏది నీలము అను భేదము తెలిసినను కొంతవరకు చాలును. సంవత్సరముల తరబడి వచ్చు మార్పును తెలిసికొనుటకు మాత్రము అంకె నిక్కముగా సరియైనది కావలెను. 1999లో ఒక ఉపగ్రహము చూచినది. 2022 తరువాత వేరొకటి చూచుచున్నది. బంగాళాఖాతపు పచ్చదనము ఈ నడుమ తగ్గినట్లు అంకెలు చెప్పినచో మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మారినది సముద్రమా, పరికరమా? పరికరము మారలేదని రుజువు చూపగలిగినవాడే సముద్రము మారినదని చెప్పుటకు అర్హుడు. లేని కరవును ఉన్నదని చాటినచో జనులు వృథాగా భయపడుదురు. ఉన్న కరవును కానలేకపోయినచో సముద్రముపై బ్రతుకు లక్షలమంది నోటికూటికి ముప్పు వచ్చును.

విద్యార్థులారా! ఈ విద్యను ఆరంభించుటకు ఓడ అక్కరలేదు. మన నాగులేటి నీరు వేసవిలో ఒక తీరుగను, వరద వచ్చినపుడు వేరొక తీరుగను ఉండును. చేతి వెడల్పుగల రేకుబిళ్ళకు తెల్లరంగు పూసి, నడుమ బెజ్జము చేసి, క్రింద చిన్న బరువు కట్టి, త్రాటిపై ప్రతి పది సెంటీమీటర్లకు ఒక ముడి వేయుడు. ఉపాధ్యాయుడు గాని ఇంటి పెద్దలు గాని వెంట నున్నపుడే, వంతెన వంటి కట్టుదిట్టమైన తావునుండి దానిని దింపుడు. వరదనీటి దరికిగాని, నీరు నిలిచిన క్వారీగుంటల దరికిగాని పోరాదు. వారమునకు ఒకసారి, ఒకే తావున, ఒకే వేళకు చూడుడు. తేదీ, వేళ, ఆకాశపు తీరు, బిళ్ళ మాయమైన లోతు, తిరిగి కనబడిన లోతు పుస్తకములో వ్రాయుడు. ఇరువురు చూచి వేరువేరుగా వ్రాసి పిదప పోల్చుకొనుడు. ఇరువురి అంకెలు భేదించినపుడు ఎవరు ఒప్పని కలహింపక, భేద మెందులకు వచ్చినదో వెదకుడు. ముడులు తడిసి బిగిసి త్రాడు కురుచయైనదా? ఒకరికి నీటిపై తళుకు అడ్డమైనదా? ఇట్లు వెదకుటతోనే శాస్త్రము మొదలగును. తడిసిన త్రాటిని మరల కొలబద్దతో కొలిచి చూచిన బాలుడు, ప్రమాణదీపము ఎదుట పరికరమును నిలుపు శాస్త్రజ్ఞుడు చేయు పనినే చేసినవాడగును.

లోకమును కొలువబూనినవాడు ముందుగా తన కొలబద్దను కొలువవలెను. అది ఒకసారి చేసి విడుచు పని కాదు. దింపుటకు ముందును, తీసిన తరువాతను చేయవలసిన పని.

ప్రశ్నలు

1. దాచేపల్లి ప్రాంతపు నేలకు సముద్రమునకు గల సంబంధమేమి?
2. సెక్కి పలకను ఉపయోగించు విధమును, దాని లోపములను వివరింపుడు.
3. సముద్రపు నీలిరంగు ఆకాశపు ప్రతిబింబము మాత్రమే కాదని రామన్ ఎట్లు కనుగొనెను?
4. క్రమాంకనమనగా నేమి? తూనికరాళ్ళపై వేయు ముద్రతో పోల్చి వ్రాయుడు.
5. గాలిలో సరిచూచిన పరికరము నీటిలో తక్కువ అంకెను చూపుటకు కారణమేమి?
6. ప్రతి మీటరునకు అయిదవ వంతు వెలుగు పోవు నీటిలో, 100 పాళ్ళ వెలుగు మూడు మీటర్ల లోతున ఎన్ని పాళ్ళుగా మిగులును?
7. "మారినది సముద్రమా, పరికరమా?" ఈ ప్రశ్న యొక్క ప్రాముఖ్యమును మీ మాటలలో తెలుపుడు.